కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌గా అమెరికా వెళ్తున్న ఒంగోలు తమ్ముడికి: మొదటి సీజన్ ఎట్లా గడుస్తుందంటే

ముందు నీ ప్రశ్న ఏంటో నాలుగు మాటల్లో చెప్పేస్తాను, మిగతావాళ్లు చదివినా అర్థం కావాలి కదా. నీది ఒంగోలు. బీపీఈడీ అయింది, భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఏఐఎఫ్‌ఎఫ్ డి లైసెన్స్ ఉంది, నాలుగేళ్లుగా స్కూలు పిలకాయలకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నావు. అమెరికాలో మిడ్‌వెస్ట్ వైపు ఒక చిన్న కాలేజీలో మాస్టర్స్ చదువుకుంటూ, వాళ్ల జట్టుకి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసే అవకాశం వచ్చింది. జులై ఆఖర్లో ప్రయాణం. "అన్నా, నా ఇంగ్లీషుకి వాళ్లు నా మాట వింటారా? అక్కడ ఒక్కడినే ఎట్లా ఉండాలి? ఎన్నాళ్లకి అలవాటవుతుంది?" అని అడిగావు.

నాది కావలి. 2011 జులైలో నీలాగే వెళ్లాను, అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు, ఊరి చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న కయ్యలు తప్ప ఏమీ ఉండదు. డివిజన్ 2 కాలేజీ, అంటే అక్కడి కాలేజీ ఆటల్లో రెండో స్థాయి. రెండేళ్లు చదువుకుంటూ అసిస్టెంట్‌గా చేశాను, తర్వాత ఒక ఏడాది ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే అనుమతి) మీద, ఆ తర్వాత ఆరేళ్లు ఉద్యోగ వీసా హెచ్‌-1బి మీద. ఆ ఆరేళ్ల గడువు అయిపోయాక 2020లో ఇంటికొచ్చేశాను. మొత్తం తొమ్మిది సీజన్లు. ఇప్పుడు కావలిలో తెల్లారుజామున పిలకాయలకి ఆట నేర్పిస్తున్నాను. కాబట్టి నేను చెప్పేదంతా ఆ తొమ్మిదేళ్లలో చూసింది, పడింది.

నీ మూడో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. నాకు ఒక ఏడాది పట్టింది. మొదటి ఆగస్టంతా ప్రతిరోజూ టెన్షనే. రెండో ఆగస్టులో కొత్త బ్యాచ్ వచ్చిన రోజు గ్రౌండులో నిలబడితే, ఇక్కడ ఏం చెయ్యాలో నాకు తెలుసు అనిపించింది. మధ్యలో ఫలానా రోజున అలవాటైపోయింది అని చెప్పలేను. సెప్టెంబరులో ఒక రాత్రి నీకు ఏడుపొస్తే, ఒంగోల్లోనే ఉండుంటే బాగుండేదేమో అనిపిస్తే, అది నీలో లోపం అనుకోవద్దు. నాకూ వచ్చింది. మా జట్టులో జర్మనీ నుంచి, బ్రెజిల్ నుంచి వచ్చిన పిలకాయలుండేవాళ్లు, వాళ్లకీ వచ్చేది.

ఇంకో విషయం, అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ క్యాలెండర్ గురించి ఎవరూ ముందే చెప్పరు. ఫుట్‌బాల్ అంటే వాళ్లకి హెల్మెట్లు పెట్టుకుని ఆడే వాళ్ల ఆట, మనది సాకర్, అది నీకు తెలిసిందే. ఆ సాకర్ సీజన్ మొత్తం ఆగస్టు నుంచి నవంబరు దాకానే. ఆగస్టు మొదట్లో ప్రీసీజన్ క్యాంపు, నెలాఖరుకి లేదా సెప్టెంబరు మొదటి వారానికి మ్యాచులు మొదలు, వారానికి రెండు మ్యాచులు, నవంబరులో కాన్ఫరెన్స్ (మన జట్టు ఆడే కాలేజీల లీగు) టోర్నమెంటుతో చాలా జట్ల పని అయిపోతుంది. అంటే నువ్వు విమానం దిగిన వారం పది రోజుల్లోనే ఏడాది మొత్తంలో అన్నిటికంటే కష్టమైన పని నీ మీద పడుతుంది. అదే వారంలో బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ నంబరు, క్లాసుల రిజిస్ట్రేషన్, ఇంటి అద్దె. రాత్రి నిద్ర పట్టదు, పగలు కళ్లు మూతలు పడతాయి. ఎఫ్‌-1 వీసా మీద కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితంలో రాసిన ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు దాకా దేశంలోకి రానిస్తారు, కాబట్టి టికెట్ ఇంకా బుక్ చెయ్యకపోతే ఆ గడువుని వాడుకో. పది రోజులు ముందు దిగినా నీకు ఎంతో తేడా తెలుస్తుంది. నేను క్యాంపుకి రెండు రోజుల ముందు దిగాను. మొదటి వారం ఎవరితో ఏం మాట్లాడానో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు.

ఇక అసలు విషయానికొస్తాను. మాట వింటారా అని అడిగావు. వింటారు. కానీ మన దగ్గర వినే పద్ధతి వేరు, అక్కడ వినే పద్ధతి వేరు.

నా రెండో రోజు ప్రాక్టీసు. నలుగురు బయట, ఇద్దరు లోపల పెట్టి బంతి తిప్పే డ్రిల్ ఒకటి మొదలుపెట్టాను. ఒక డిఫెండర్ చెయ్యెత్తి, "కోచ్, ఇది ఎందుకు చేస్తున్నాం?" అన్నాడు. ఇరవై ఆరు మంది నా వైపు చూస్తున్నారు. నాకు ముఖం వేడెక్కిపోయింది. మన దగ్గర పీఈటీ సారుని ఎందుకు సార్ అని అడిగితే ఇంకో రెండు రౌండ్లు పరిగెత్తమంటారు కదా, నేను పెరిగింది అట్లాగే. "చెప్పింది చెయ్" అన్నాను. చేశారు, కానీ మొక్కుబడిగా, ఎవరి ఒంట్లోనూ ఊపు లేదు. సాయంత్రం హెడ్ కోచ్ నన్ను కూర్చోబెట్టి, వాడు నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, నీ దగ్గర జవాబేంటి అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా సారు చేయించేవాడు, నేను చేయిస్తున్నా, అంతే. ఆ రాత్రి కూర్చుని నాకు వచ్చిన డ్రిల్లులన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, ఒక్కోదాని పక్కన ఇది ఎందుకు అని ఒక్క వాక్యం రాసుకున్నాను. పన్నెండు డ్రిల్లులకి ఏమీ రాయలేకపోయాను. వాటిని వదిలేశాను.

ఈ పని నువ్వు ఒంగోల్లోనే, ఇంకా చేతిలో టైము ఉన్నప్పుడే చేసుకో. ఇప్పుడు నేర్పిస్తున్న పిలకాయల మీదే ప్రయత్నించు. రేపు మైదానంలోకి దిగగానే, "ఈరోజు బంతి పోగొట్టుకున్న ఆరు సెకన్లలో తిరిగి ఎట్లా లాక్కోవాలో చూద్దాం, పోయిన మ్యాచులో అక్కడే దెబ్బతిన్నాం" అని చెప్పి మొదలుపెట్టు. అమెరికా పిలకాయలకి కావాల్సింది ఇదే. కారణం తెలిస్తే ప్రాణం పెట్టి ఆడతారు. వాళ్లు ప్రశ్న అడగడం అమర్యాద కాదని మనసుకి ఎక్కించుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నీకు అంత పట్టకూడదనే ఇంత చెప్తున్నాను.

ఇంగ్లీషు గురించి. వాళ్ల యాస పట్టడానికి ప్రయత్నించవద్దు, అది అతికించినట్టు ఉంటుంది. నెమ్మదిగా మాట్లాడు, వాక్యాలు పొట్టిగా పెట్టు. గ్రౌండులో ఒక్కో సూచన నాలుగైదు మాటలు దాటకూడదు, అది ఇంగ్లీషు బాగా వచ్చినవాడికైనా మంచిదే. లోపల చెప్పాల్సింది వైట్‌బోర్డు మీద గీసి చెప్పు. నేను బాగా తొందరగా మాట్లాడేవాణ్ని, మనవైపు అందరం అంతే కదా, ఒక మిడ్‌ఫీల్డరు సూటిగా చెప్పాడు, కోచ్, మీరు సగం స్పీడులో మాట్లాడితే అంతా అర్థమవుతుంది అని. వాడికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మాటలు కొన్ని మారతాయి. బూట్లంటే వాళ్లకి మంచులో వేసుకునే బూట్లు, ఆట బూట్లని క్లీట్స్ అంటారు. ట్రైనింగ్‌ని ప్రాక్టీస్ అంటారు, పిచ్‌ని ఫీల్డ్ అంటారు, డ్రా అయితే టై అంటారు, మ్యాచ్ వీడియో చూడటాన్ని ఫిల్మ్ అంటారు. ఒంటి మీద వేసుకునే రంగు బిబ్బులని పిన్నీలు అంటారు. మొదటిసారి "పిన్నీలు పట్టుకురా" అని విన్నప్పుడు నాకు గుంటూరులో ఉండే మా పిన్ని గుర్తొచ్చింది, ఆ పరాయి ఊళ్లో ఆ మాట వినడమే ఎంతో హాయిగా అనిపించింది.

ఇంకోటి చిన్నదే గానీ ముఖ్యం. మనం అవును అనడానికి తల అటూ ఇటూ ఆడిస్తాం. వాళ్లకి అది కాదు అన్నట్టో, ఏమీ తేల్చనట్టో కనిపిస్తుంది. "కోచ్, నేను రైట్ బ్యాక్ ఆడనా?" అని అడిగినవాడికి నేను తలాడిస్తే వాడు అయోమయంగా నిలబడిపోయాడు. నోటితో చెప్పు. ఆడు, వద్దు, ఆలోచించి చెప్తా, ఏదో ఒకటి నోటితో.

పేర్లు మొదటి మూడు రోజుల్లో నేర్చుకో. కాలేజీ వెబ్‌సైట్‌లో జట్టు ఫొటోలు, పేర్లు, సొంతూర్లు అన్నీ ఉంటాయి, ఇక్కడుండగానే బట్టీపట్టు. నిన్ను సర్ అనరు, కోచ్ అంటారు. ఆ మాటలోనే వాళ్ల గౌరవం ఉంది, వేరే గౌరవం కోసం చూడొద్దు. నీ పేరు వాళ్ల నోరు తిరగకపోతే ఎట్లా పిలవాలో మొదటిరోజే నువ్వే చెప్పు, లేకపోతే వాళ్లే ఏదో ఒకటి కుదించి పెట్టేస్తారు, ఆ పేరే నాలుగేళ్లు ఉండిపోతుంది.

నీ మాట చెల్లని చోట్లు కొన్ని ఉంటాయి. అవి ముందే తెలుసుకుంటే మనసు కష్టపెట్టుకోవు. క్లాసు ఉంటే ఆటగాడు ప్రాక్టీసు మధ్యలో వెళ్లిపోతాడు, నువ్వు ఆపకూడదు. టర్ముకి 12 క్రెడిట్ల చదువు (సబ్జెక్టులని అక్కడ క్రెడిట్లలో లెక్కేస్తారు) లేకపోతే, మార్కులు తగ్గితే, ఎంత గొప్ప స్ట్రైకరైనా బెంచీ మీద కూడా కూర్చోలేడు. మన దగ్గర స్పోర్ట్స్ కోటా కుర్రాళ్లకి హాజరు ఎవరు చూస్తారు? అక్కడ చూస్తారు. సీజనులో వారానికి 20 గంటలకి మించి, రోజుకి 4 గంటలకి మించి ప్రాక్టీసు పెట్టకూడదు, వారానికి ఒకరోజు సెలవు ఇచ్చి తీరాలి. ఇవి డివిజన్ 1, డివిజన్ 2 లెక్కలు, నీ కాలేజీ ఏ డివిజనో, కాలేజీ ఆటలు నడిపే సంస్థల్లో ఎన్‌సీఏఏలో ఉందా ఎన్‌ఏఐఏలో ఉందా అడిగి ఆ రూల్సు చదువుకో. శిక్షగా పరుగెత్తించడం కూడా వదిలెయ్. ఆలస్యంగా వచ్చాడని గ్రౌండు చుట్టూ తిప్పడం మనకి మామూలు. అక్కడి వైద్య మార్గదర్శకాల్లోనే, వ్యాయామాన్ని శిక్షగా వాడొద్దని ఉంది. ఆలస్యంగా వచ్చినవాడు మొదటి పదకొండులో ఉండడు, అంతే, దానికే వాళ్లు వణికిపోతారు.

అన్నిటికంటే పెద్దది అథ్లెటిక్ ట్రైనర్. పేరు చూసి కసరత్తు చేయించేవాళ్లనుకోవద్దు. ఆటగాళ్ల గాయాలు చూసే, లైసెన్సున్న ఆరోగ్య నిపుణులు. ఆటగాడు ఆడొచ్చా లేదా అన్నది వాళ్లు చెప్తారు, హెడ్ కోచ్ కూడా దాన్ని మార్చలేడు. ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి, ఇన్నేళ్లయినా తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మా పిలకాయలు ఇండియాలో ఫుట్‌బాల్ ఉందా అని అడిగేవాళ్లు. నేను హైదరాబాదు రహీం సాబ్ గురించి చెప్పేవాణ్ని. సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూలు టీచరుగా పనిచేసినాయన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానం దాకా వెళ్లింది ఆయన చేతి కిందే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. అప్పటికే ఆయనకి క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయారు. ఆ టోర్నమెంటులో డిఫెండరు జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం సాబ్ ఆయన్ని ఫార్వర్డుగా పెట్టి ఆడించారు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిస్తే అందులో ఒక గోలు జర్నైల్ సింగ్‌ది. ఈ కథ చెప్తే మా కుర్రాళ్లు కళ్లార్పకుండా విన్నారు. నాకు ఎంత గర్వమో, ఆ గదిలో మొదటిసారి నేను నా మనుషుల మధ్య ఉన్నట్టు అనిపించింది.

తర్వాతి వారం మ్యాచులో మా సెంటర్ బ్యాక్ ఒకడు ఎగిరి తల పెట్టబోయి ఎదుటివాడి తలకి గుద్దుకున్నాడు. పడ్డాడు, లేచాడు, ఆడతానన్నాడు. నా వైపు చూసి నవ్వుతూ, "జర్నైల్" అన్నాడు. నేను బొటనవేలు పైకెత్తి ఆడమన్నాను. మా ట్రైనరమ్మ అప్పటికే మైదానంలోకి పరుగెత్తింది. వాడి కళ్లు చూసింది, రెండు మూడు ప్రశ్నలడిగింది, వాడికి అప్పటి స్కోరు ఎంతో గుర్తులేదు. బయటికి తీసుకొచ్చేసింది. కాంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అనుమానం ఉంటే ఆ రోజు ఇక ఆడనివ్వరు, డాక్టరు సరే అనేదాకా ప్రాక్టీసు కూడా ఉండదు. వాడికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం లైటు చూడలేకపోయాడు, చదవలేకపోయాడు. అదే స్థితిలో ఇంకో దెబ్బ తలకి తగిలి ఉంటే ప్రాణం మీదికే వచ్చేదని ఆమె నాకు నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పింది. నేను వాళ్ల అమ్మకి ఫోన్ చేసి, మీవాణ్ని ఆడమన్నది నేనే అని ఒప్పుకున్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రహీం సాబ్ కథ మానలేదు. ఇప్పటికీ చెప్తాను, ఆయన అంత గొప్పవాడు. కానీ 1962లో తల గాయాల గురించి ఎవరికీ ఇంత తెలీదని, ఇప్పుడైతే జర్నైల్ సింగ్‌ని నేనే బయట కూర్చోబెట్టేవాణ్నని కూడా చెప్తాను. కావలిలో మా పిలకాయల్లో ఎవరికి తలకి దెబ్బ తగిలినా ఆ రోజుకి ఆట బంద్. నీళ్లు చల్లి, స్ప్రే కొట్టి లోపలికి పంపడం ఇక నా గ్రౌండులో లేదు. నువ్వు అక్కడికెళ్లిన మొదటి రోజు ట్రైనర్ గదికి వెళ్లి పరిచయం చేసుకో. ఎండ ఎక్కువైందని ప్రాక్టీసు ఆపమన్నా ఆపు, మనం రోళ్లు పగిలే ఎండలు చూసినవాళ్లం, ఇదేం ఎండ అనిపిస్తుంది, అయినా ఆపు. ఉరుము వినిపిస్తే మైదానం ఖాళీ చెయ్యాలి, ఆఖరి ఉరుము నుంచి 30 నిమిషాలు అయ్యేదాకా తిరిగి రాకూడదు.

అమ్మాయిల జట్టుకి కూడా సాయం చెయ్యమంటారు, చిన్న కాలేజీల్లో మామూలే. చదువుల్లో ఆడామగా వివక్ష ఉండకూడదనే టైటిల్ నైన్ అనే 1972 చట్టం ఒకటుంది, దాని మీద శిక్షణ ఇస్తారు, అది ఏదో ఆన్‌లైన్ క్లాసులే అని క్లిక్కులు కొట్టేయకుండా శ్రద్ధగా విను. ఎవరైనా విద్యార్థి నీ దగ్గరికొచ్చి తనకి లైంగిక వేధింపు జరిగిందని చెప్తే, ఎవరికీ చెప్పనులే అని మాటివ్వకూడదు. కాలేజీలో దానికి నియమించిన అధికారికి నువ్వు తెలియజేసి తీరాలి. ఆ సంగతి ఆ అమ్మాయికి ముందే మర్యాదగా చెప్పాలి. తలుపు మూసిన గదిలో ఒక్కరితో కూర్చోవద్దు, కారులో ఒక్కరినే ఎక్కించుకోవద్దు, కాలు పెట్టే తీరు సరిచెయ్యాలన్నా ముట్టుకోవచ్చా అని అడుగు. అబ్బాయిలైనా అంతే. మనవైపు భుజం మీద చెయ్యేసి మాట్లాడటం ప్రేమ, అక్కడ ముందు అడగడం ప్రేమ.

నీ సొంత గంటల లెక్క ఇంకా జాగ్రత్త. ఎఫ్‌-1 మీద టర్ము నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. నాకు అసిస్టెంట్ పని 20 గంటలకే రాసిచ్చారు, డబ్బు చాలక లైబ్రరీ డెస్కులో ఇంకో ఆరు గంటలు ఒప్పుకోబోయాను. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఒకామె ఆపింది, రెండు పనులూ కలిపి 20 అని. ఆమె చెప్పకపోతే నా వీసా పోయేది. కోచింగ్ పని కాగితం మీది గంటలతో ఆగదు, ఫిల్మ్ కత్తిరించడం, జెర్సీలు ఉతకడం, వ్యాను నడపడం, గీతలు గీయడం. ఎన్ని గంటలు చేశావో ఒక చిన్న పుస్తకంలో రోజూ రాసుకో, మించుతుంటే హెడ్ కోచ్‌తో మొదటి నెలలోనే మాట్లాడు. ఎవరైనా తండ్రి వచ్చి మా అబ్బాయికి శనివారం గంట నేర్పించు, నలభై డాలర్లు ఇస్తాను అంటాడు, తప్పకుండా అంటాడు. తీసుకోవద్దు. నగదైనా వద్దు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట సంపాదించిన ప్రతి డాలరూ నీ వీసాకి ముప్పే.

జీతం గురించి నిజం చెప్తాను. ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, స్టైపెండు గదికి, తిండికి సరిపోతుంది. దాంతో ఇక్కడి అప్పు తీరుద్దామని లెక్కలు వేసుకోవద్దు. మొదటి జీతం చేతికొచ్చేసరికి ఆలస్యమవుతుంది, రెండు నెలలకి సరిపడా డబ్బు పట్టుకెళ్లు. మన విద్యార్థులకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్ చెయ్యకూడదు, నాకు పొరపాటున రెండు జీతాల్లో కోశారు, అడిగితే తిరిగి ఇచ్చారు. పేస్లిప్ చదువు. పంటి సంగతేదైనా ఉంటే వెళ్లకముందే ఒంగోల్లో చూపించుకో, విద్యార్థి ఇన్సూరెన్సులో పళ్లు ఉండకపోవచ్చు.

ఆట రూల్సు కూడా కొంచెం తేడా. నేను వెళ్లిన కొత్తలో గడియారం 45 నుంచి సున్నాకి వెనక్కి నడిచేది, ఆఖరి పది సెకన్లు ప్రేక్షకులు అరుస్తూ లెక్కపెట్టేవాళ్లు, హారన్ మోగగానే ఆట అయిపోయేది. టై అయితే అదనపు సమయంలో ఎవరు ముందు గోలు కొడితే వాళ్లదే గెలుపు. 2022 నుంచి మామూలు సీజను మ్యాచుల్లో అదనపు సమయమే తీసేశారు. బయటికెళ్లిన ఆటగాడు రెండో సగంలో ఒకసారి తిరిగి రావచ్చు, దాన్నిబట్టి వ్యూహం మొత్తం మారిపోతుంది, ఇరవై రెండు మందిని సిద్ధంగా ఉంచుకోవాలి. డివిజన్ 2లో మగవాళ్ల జట్టుకి మొత్తం కలిపి 9 స్కాలర్‌షిప్పులే, వాటినే ముక్కలు చేసి ముప్పై మందికి పంచుతారు. అందుకే ఒక్కో కుర్రాడి ఇంట్లో డబ్బు గురించి ఎంత బాధ ఉంటుందో నీకు అర్థం కావాలి. అమెరికా పిలకాయలంటే అందరూ ఉన్నవాళ్లే అనుకుని వెళ్లాను నేను. మా గోల్ కీపరు రాత్రిపూట పిజ్జా షాపులో పనిచేసి పొద్దున ఆరింటికి ప్రాక్టీసుకి వచ్చేవాడు. వాణ్ని చూశాక నా కష్టం గురించి మాట్లాడటం తగ్గించాను.

ఇక ఒంటరితనం. సీజనులో నీకు ఒంటరిగా ఉండే తీరికే ఉండదు. నవంబరులో ఆఖరి మ్యాచ్ అయిపోయిన మర్నాడు మొదలవుతుంది అసలు కథ. ఒక్కసారిగా పని లేదు. గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, సాయంత్రం ఐదింటికే చీకటి. థ్యాంక్స్‌గివింగ్‌కి పిలకాయలందరూ ఇళ్లకెళ్తారు, మెస్ మూసేస్తారు, క్యాంపస్‌లో నువ్వూ మంచూ. నేను మొదటి ఏడాది ఆ నాలుగు రోజులూ గదిలో పడుకున్నాను. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు మా ఇంటికి రండి కోచ్ అని పిలిచారు, మర్యాదకి అంటున్నారేమో అని వద్దన్నాను. వాళ్లు మర్యాదకి అనరు తమ్ముడూ, నిజంగానే పిలుస్తారు. హెడ్ కోచ్‌కి చెప్పి, సరే అంటే వెళ్లు. రెండో ఏడాది ఒక ఆటగాడి ఇంటికి వెళ్లాను, వాళ్ల నాయనకి పందుల ఫారం ఉంది, ఆయనా నేనూ వర్షాల గురించి, గింజ ధర గురించి రెండు గంటలు మాట్లాడుకున్నాం. మా నాయన కూడా కయ్యల మనిషే. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది.

ఇంటికి ఫోన్ చెయ్యడానికి టైము ముందే పెట్టుకో. అయోవాకి మనకి ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. ప్రాక్టీసు అయ్యి నేను ఆరున్నరకి గదికి వచ్చేసరికి కావలిలో తెల్లారి ఐదు. మా అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లే వేళ. ఫోన్ స్పీకరులో పెట్టి ముగ్గేసుకుంటూ మాట్లాడేది, నాకు చీపురు చప్పుడు, కోడి కూత వినిపించేవి. రోజూ పదే నిమిషాలు. బాధగా ఉన్న రోజున అమ్మకి చెప్పకుండా దాచొద్దు, కానీ ఓడిపోయిన మ్యాచ్ అయిన వెంటనే చెయ్యొద్దు, ఆమె ఆ రోజంతా దిగులు పడుతుంది.

బంధువుల సంగతి నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు. అమెరికా వెళ్లి కంప్యూటర్లు చదవకుండా బంతి ఆడిస్తాడా అని అంటారు. మా మేనమామ అన్నాడు. వాదించొద్దు. అక్కడ కోచ్ అంటే కాలేజీ ఉద్యోగి, చాలాచోట్ల మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు, ఆఫీసు ఉంటుంది, ముప్పై మంది పిల్లల చదువు, ఆరోగ్యం, భవిష్యత్తు నీ చేతిలో ఉంటాయి. అది మీ అమ్మానాన్నలకి ఒకసారి కూర్చోబెట్టి వివరంగా చెప్పు, మిగతావాళ్లకి అక్కర్లేదు. చదువయ్యాక ఉండిపోవాలంటే, కాలేజీలు వేసే హెచ్‌-1బికి లాటరీ పరిమితి వర్తించదు, నాకు అట్లాగే వచ్చింది. వీసా రూల్సు తరచూ మారుతున్నాయి, ఆ సమయానికి మీ అంతర్జాతీయ ఆఫీసుని, మంచి లాయరుని అడుగు, నాలాంటివాడి పాత అనుభవం మీద ఆధారపడొద్దు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. రైస్ కుక్కరు పట్టుకెళ్లు. చింతపండు, ఎండు మిరపకాయలు, మెంతులు ఉంటే అక్కడి క్యాట్‌ఫిష్‌తో చేపల పులుసు బాగానే కుదురుతుంది, మన బొమ్మిడాయిల రుచి రాదు గానీ ఆదివారం గడిచిపోతుంది. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరువు, పొగ అలారం మోగితే బిల్డింగు మొత్తం మంచులోకి దిగాలి. కారు నడపడం బాగా నేర్చుకుని, ఇక్కడి లైసెన్స్ తీసుకునే వెళ్లు, అక్కడికెళ్లిన నెలలోపు వాళ్ల లైసెన్స్ కూడా తీసుకో, మా కాలేజీలో అది లేనివాళ్లకి జట్టు వ్యాను తాళాలు ఇచ్చేవాళ్లు కాదు.

నా దగ్గర ఆ పాత నోటు పుస్తకం ఇంకా ఉంది, డ్రిల్లు పక్కన ఎందుకు అని రాసింది. వెళ్లేలోపు ఒక ఆదివారం ఒంగోల్లో పొద్దున్నే పినాకిని రైలు ఎక్కి కావలి దిగు. మా పిలకాయలకి నువ్వు ఒక గంట ఇంగ్లీషులో ప్రాక్టీసు చేయించు, అర్థం కానిచోట వాళ్లే చెయ్యెత్తుతారు, వాళ్లకి నేను అట్లాగే అలవాటు చేశాను. తర్వాత ఇంట్లో అన్నం తిని సాయంత్రం బండికి వెళ్లిపోదువు. వచ్చేటప్పుడు ఆ కాలేజీ వాళ్లిచ్చిన ఆఫర్ లెటరు, ఐ-20 కాపీ తెచ్చుకో, గంటల లెక్క దాంట్లో ఎట్లా రాశారో ఇద్దరం కూర్చుని చూద్దాం.